గల్ఫ్ నుంచి వచ్చాక నమాజు ఏ పద్ధతిలో? ఒకే మనిషి రెండు మజ్‌హబ్‌లు పాటించవచ్చా?

వ అలైకుమ్ అస్సలామ్ తమ్ముడూ.

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది. తర్వాత చదివేవాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. మజ్‌హబ్ అంటే నమాజు లాంటి ఆచరణలో ఒక పెద్ద పండితుడు (ఇమాం) చెప్పిన పద్ధతి. హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అని నాలుగున్నాయి. మీది మలికిపురం వైపు. కొన్నేళ్లు కువైట్‌లో ఉండి వచ్చి రొయ్యల చెరువులు లీజుకి చేస్తున్నారు. అక్కడ అలవాటైనట్టే ఇక్కడా రుకూకి (నమాజులో నడుం వంచడం) ముందూ వెనకా చేతులెత్తుతున్నారు, ఆమీన్ పైకి అంటున్నారు. మసీదులో పెద్దలు కోప్పడుతున్నారు. ఫోన్లో యాప్ మూడున్నరకే అసర్ (సాయంత్రం నమాజు) అంటోంది, మసీదులో అజాన్ ఐదింటికి దగ్గర్లో అవుతోంది. మీరు చెరువు దగ్గర యాప్ టైముకే చేసేస్తున్నారు. మీ ఇంటావిడ పుట్టిల్లు హైదరాబాద్ బార్కస్, వాళ్లు షాఫయీలు. చెయ్యి తగిలితే వుజూ (నమాజుకి ముందు కడుక్కునే శుద్ధి) పోయిందంటుంది. దీనికి తోడు చెరువుల మీద కుర్రాళ్లు షెడ్డులోనే జుమా (శుక్రవారం సామూహిక నమాజు) మొదలుపెడదామంటున్నారు. "ఒక్కో విషయంలో ఒక్కో ఇమాం మాట తీసుకుంటే తప్పా?" ఇదీ మీరు అడిగింది.

సూటిగా జవాబు: నమాజు చేయించే ఇమాం ఏ మజ్‌హబ్‌వాడైనా ఆయన వెనక నిలబడండి, మీ నమాజు అవుతుంది. చేతులెత్తినా ఎత్తకపోయినా, ఆమీన్ పైకి అన్నా లోపల అనుకున్నా నమాజు చెడదు. యాప్ టైముకి చేసిన అసర్ కూడా అయినట్టే, మళ్లీ చేయక్కర్లేదు. కుదరనిది ఒక్కటే. ఒకే నమాజుకి కావలసిన షరతుల్లో అక్కడ కొంత ఇక్కడ కొంత తేలికైనవి ఏరుకుని, చివరికి ఏ ఇమాం లెక్కలోనూ నిలవని నమాజు చేయకూడదు. రోజువారీకి ఒక మజ్‌హబ్ పట్టుకుని ఉండటమే మేలు. ఎక్కడైనా వేరే మజ్‌హబ్ మాట తీసుకోవాల్సి వస్తే దాని షరతులతో సహా తీసుకోండి.

నా గురించి ఒక ముక్క. ఈ డెల్టాలోనే ఒక పట్నంలో చాలాకాలంగా ఇమామత్ చేస్తూ, సాయంత్రాలు పిల్లలకి ఫిఖ్హ్ (ఆచరణ నియమాల శాస్త్రం) చెబుతున్నాను. హనఫీని. ఫత్వా ఇచ్చే ముఫ్తీని కాను. నిత్యం జనం తెచ్చే నమాజు సందేహాలతో గడిచిన అనుభవమే నాది.

ఆ అనుభవంలో నాకు తేలింది ఇది. మనవాళ్లు గొడవపడేదంతా కంటికి కనిపించే తేడాల మీద. చేతులు బొడ్డు కింద కట్టాడా, ఛాతీ మీద కట్టాడా, ఆమీన్ వినిపించిందా, వేలు ఆడించాడా! వీటిలో ఏదీ నమాజు చెల్లుబాటుకి సంబంధించింది కాదు. నాలుగు మజ్‌హబ్‌ల లెక్కలోనూ ఇవి సున్నత్ (ప్రవక్త ఆచరణ), ముస్తహబ్ (చేస్తే మంచిది) స్థాయి విషయాలే. నమాజు అయిందా లేదా తేల్చేవి కనిపించని తేడాలు: రక్తం కారితే వుజూ ఉందా, టైము మొదలైందా, ఇమాం వెనక ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం) చదవాలా, ఊరు జుమాకి తగినదేనా. వీటి గురించి మసీదులో అరిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. మీ ప్రశ్నలో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి విడివిడిగా చూద్దాం.

చేతులెత్తడం, ఆమీన్

రుకూకి వెళ్లేటప్పుడు, లేచేటప్పుడు చేతులెత్తడం (రఫయదైన్) షాఫయీ, హంబలీ మజ్‌హబ్‌లలో సున్నత్. హనఫీలో మొదటి తక్బీర్ (అల్లాహు అక్బర్ అనడం) దగ్గర మాత్రమే. మాలికీలో ప్రసిద్ధమైన మాట కూడా మొదటి తక్బీర్ దగ్గర మాత్రమే అని. ఆమీన్ పైకి అనడం షాఫయీ, హంబలీల పద్ధతి. హనఫీలు, మాలికీలు మెల్లగా అంటారు.

ఈ తేడా ఎవరో కల్పించింది కాదు. ప్రవక్త చేతులెత్తారని చెప్పే సహాబీ (ప్రవక్త సహచరుడు) అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమర్ (రజి) హదీసు బుఖారీ, ముస్లిం అనే హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది. మొదటిసారి తప్ప ఎత్తలేదని చెప్పే అబ్దుల్లాహ్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) హదీసు తిర్మిజీ, అబూ దావూద్‌లలో ఉంది. ఇబ్నె మస్‌ఊద్ (రజి) ఇరాక్‌లోని కూఫాలో ఉండి జనానికి దీన్ నేర్పారు. ఇమాం అబూ హనీఫా (హిజ్రీ 80–150) ఆ కూఫా మనిషే. తన ఊళ్లో సహాబీల నుంచి శిష్యపరంపరగా వచ్చిన పద్ధతిని ఆయన పట్టుకున్నారు. మదీనాలో ఇమాం మాలిక్ (93–179) తన ఊరివాళ్ల ఆచరణ చూశారు. ఇమాం షాఫయీ (150–204) మదీనాలో ఇమాం మాలిక్ దగ్గర, బాగ్దాద్‌లో ఇమాం అబూ హనీఫా శిష్యుడు ఇమాం ముహమ్మద్ దగ్గర, రెండు చోట్లా చదువుకుని, కొన్నిచోట్ల ఇద్దరితోనూ విభేదించారు. ఇమాం అహ్మద్ (164–241) మళ్లీ ఇమాం షాఫయీ దగ్గర చదువుకున్నారు. గురువుని కాదన్న శిష్యుడు గురువు నమాజు చెడిందని ఎప్పుడూ అనలేదు.

ఇంకో మాట. గల్ఫ్ నుంచి వచ్చే కుర్రాళ్లు "అరబ్బులు ఇలాగే చేస్తారు మౌలానా, మనదే తేడా" అంటుంటారు. ఏ అరబ్బులు? కువైట్ స్థానికుల్లో చాలామందిది మాలికీ మజ్‌హబ్. మొరాకో వైపు మాలికీల్లో ఎంతోమంది ఫర్జ్ (తప్పనిసరి) నమాజులో చేతులు కట్టనే కట్టరు, పక్కకి వదిలేస్తారు. సౌదీ, ఖతర్‌లలో హంబలీ ఎక్కువ. ఈజిప్టులో షాఫయీలు చాలామంది. మీరు వెళ్లిన మసీదులో ఇమాం ఏ దేశం నుంచి వచ్చాడో ఆ పద్ధతి మీకు కనిపించింది, అంతే. మన దేశంలోనే కేరళ, కొంకణ్, తమిళనాడు తీరంలో కాయల్‌పట్నం, హైదరాబాద్‌లో నిజాం కాలంలో హజ్రమౌత్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల బార్కస్, ఇవన్నీ షాఫయీలవి. గోదావరి జిల్లాల్లో మనం ఎక్కువగా హనఫీలం. అహలె హదీసు సోదరులూ ఉన్నారు. వాళ్లు ఒక మజ్‌హబ్ అని పెట్టుకోకుండా నేరుగా హదీసు మీద ఆధారపడతామంటారు. దేవ్‌బందీ, బరేల్వీ అని మనవాళ్లు పడే గొడవకీ మజ్‌హబ్‌కీ సంబంధం లేదు. ఇద్దరూ హనఫీలే, ఇద్దరి నమాజూ అచ్చంగా ఒకటే.

మరి మీరేం చేయాలి? నా సలహా: కువైట్‌లో చూసి అలవాటైందే తప్ప ఆలోచించి ఎంచుకున్నది కాకపోతే, మీ ఊరి మసీదు పద్ధతికి రండి. సున్నత్ స్థాయి విషయం కోసం జమాత్ చీలకూడదు. లేదు, చదివి, ఆలోచించి, ఆ పద్ధతే సరైనదని నమ్ముతున్నారంటే చేతులెత్తండి, ఎవరికీ మిమ్మల్ని ఆపే హక్కు లేదు. కానీ ఆమీన్ పక్కవాడికి వినబడేంత చాలు, వీధికి వినబడక్కర్లేదు. పైకి ఆమీన్ అనేవాళ్లు మా జమాత్‌లోనూ ఉన్నారు. పట్నంలో బేకరీల్లో పనిచేసే కేరళ కుర్రాళ్లు. మొదట్లో మా పెద్దవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. ఒక శుక్రవారం బయాన్‌లో షాఫయీ మజ్‌హబ్ అంటే ఏమిటో వివరంగా చెప్పాను. తర్వాత ఎవరూ చూడటం లేదు. వాళ్లు చేసేది తిరుగుబాటు కాదని తెలిశాక పెద్దల కోపం దానంతటదే పోయింది. మీ ఊరి ఇమాం సాబ్‌ని ఇలా ఒకసారి చెప్పమని అడగండి. మీరే వెళ్లి పెద్దవాళ్లతో వాదించొద్దు. కుర్రాడు ఫోన్లో వీడియో చూపించి తాతకి నమాజు నేర్పబోతే ఏమవుతుందో మీకు తెలుసు.

పెద్దలకి కూడా ఒక మాట, వాళ్లు ఇది చదివితే. ఖలీఫా హారూన్ రషీద్ హిజామా చేయించుకుని రక్తం తీయించుకున్నాక మళ్లీ వుజూ చేయకుండానే నమాజు చేయించారట. ఇమాం మాలిక్ దాంతో వుజూ పోదన్నారు కాబట్టి. వెనక నిలబడింది ఇమాం అబూ యూసుఫ్. ఆయన హనఫీల్లో రెండో స్థానం, ఆయన లెక్కలో రక్తం కారితే వుజూ పోతుంది. అయినా ఆయన నమాజు తిరిగి చేయలేదని ఫిఖ్హ్ పెద్దలు రాశారు. ఇమాం మాలిక్ రాసిన గ్రంథాన్ని ఖలీఫా రాజ్యమంతటికీ చట్టం చేస్తానంటే ఆయన ఒప్పుకోలేదన్నదీ ప్రసిద్ధమే. సహాబాలు వేర్వేరు ఊళ్లకి వెళ్లి వేర్వేరుగా నేర్పారు, జనాన్ని వాళ్లకి అందినదాని మీద ఉండనివ్వమన్నారాయన. దీనికి ఎదురు చరిత్ర కూడా ఉంది. మక్కా హరంలో (కాబా ఉన్న పెద్ద మసీదు) శతాబ్దాల పాటు నాలుగు మజ్‌హబ్‌లకి నాలుగు చోట్ల నలుగురు ఇమాంలు విడివిడిగా జమాత్ నడిపేవారు. 1920ల్లో సౌదీ పాలన వచ్చాక ఒకే ఇమాం వెనక అందరినీ నిలబెట్టారు. సౌదీ వాళ్ల అన్ని పనులూ నాకు నచ్చవుగానీ ఇది మాత్రం మంచి పని. ఇవాళ హజ్‌కి వెళ్లిన మన పెద్దలు అక్కడ హంబలీ ఇమాం వెనక సంతోషంగా నమాజు చేసి వచ్చి, ఇక్కడ పక్కన చేతులెత్తినవాణ్ణి కోప్పడితే ఏమనుకోవాలి?

అసర్ టైము

ఇది కనిపించని తేడా కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు ఒక కర్రకి ఎంత నీడ ఉంటుందో దాన్ని పక్కన పెట్టండి. ఆపైన పెరిగిన నీడ కర్ర పొడవుకి సమానమైతే షాఫయీ, మాలికీ, హంబలీల లెక్కలో అసర్ వచ్చినట్టు. రెండింతలైతే ఇమాం అబూ హనీఫా లెక్కలో వచ్చినట్టు. మన డెల్టా అక్షాంశంలో ఈ రెండింటికీ మధ్య చలికాలంలో ముప్పావు గంట, వేసవిలో గంటంబావు దాకా తేడా వస్తుంది. డిసెంబరు చివర్లో మొదటిది 3.10 ప్రాంతంలో, రెండోది 4 ప్రాంతంలో. జూన్‌లో మొదటిది మూడున్నరకి, రెండోది 4.40 ప్రాంతంలో. మీ యాప్ తప్పు చెప్పడం లేదు. సెట్టింగుల్లో అసర్ దగ్గర 'స్టాండర్డ్', 'హనఫీ' అని రెండుంటాయి. మీది కువైట్‌లో పెట్టిన 'స్టాండర్డ్' మీదే ఉండిపోయి ఉంటుంది.

చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఇమాం అబూ హనీఫా ముఖ్య శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ ఇద్దరూ ఒక నీడ మాటే చెప్పారు. అంటే మూడున్నరకి అసర్ చేసినవాడు హనఫీ మజ్‌హబ్ గడప కూడా దాటలేదు. మన దేశంలో ఫత్వా గురువుగారి మాట మీద ఉంది, మసీదులు దాని ప్రకారం నడుస్తాయి. హరంలో, గల్ఫ్‌లో హనఫీలు అక్కడి జమాత్‌తో ముందు టైముకే చేయడానికి ఎంతోమంది ఉలమా (పండితులు) ఒప్పుకోవడానికి కారణం ఈ శిష్యుల మాటే. అందుకే మీ నమాజులు అయ్యాయని పైన నిబ్బరంగా చెప్పాను.

ఇక మీదట? సాయంత్రం మేత వేయడం, చెక్ ట్రేలు చూసుకోవడం ఏ టైముకి అవుతాయో మీకే తెలుసు. జూన్‌లో సూర్యుడు అస్తమించేది ఆరున్నర దాటాకే, మసీదులో జమాత్ ఐదుకి. మధ్యలో చెరువు వదిలి రాగలిగితే జమాత్‌కి రండి. కుదరని రోజున 4.40 తర్వాత చెరువు గట్టు మీదే చేసుకుంటే నలుగురి లెక్కలోనూ అయిపోతుంది. ఎండ పచ్చబడేదాకా మాత్రం లాగొద్దు, అది మక్రూహ్ (తగనిది). నిజంగా తీరిక దొరకదనిపించిన రోజున మూడున్నరకి చేయండి, ఫరవాలేదు.

కానీ ఒక షరతు. నిన్న మూడున్నరకి అసర్ చేసి, ఇవాళ లేటయిందని నాలుగింటికి జుహర్ (మధ్యాహ్నం నమాజు) చేసి "హనఫీలో ఇంకా టైముందిగా" అనకండి. జుహర్ ఎప్పుడూ ఒక నీడలోపే ముగించుకోండి. ఏడాది పొడవునా మూడు దాటనివ్వకపోతే ఏ చిక్కూ లేదు.

రక్తం, స్పర్శ, వుజూ

హనఫీలో గాయం నుంచి రక్తం బయటికి వచ్చి కారితే వుజూ పోతుంది. చుక్క పైకి వచ్చి అక్కడే ఆగితే పోదు. షాఫయీలో రక్తంతో వుజూ పోదు, కానీ భార్యాభర్తల చర్మం ఒకరికొకరిది తగిలితే ఇద్దరిదీ పోతుంది. హనఫీలో ఊరికే తగిలినందుకు పోదు. మాలికీ, హంబలీలలో కోరికతో తాకితే పోతుంది.

ఇప్పుడు మీ రోజే తీసుకోండి. ఇంట్లో వుజూ చేసుకున్నారు. ఇంటావిడ చేతికి టీ గ్లాసు ఇస్తే వేళ్లు తగిలాయి. హనఫీని కదా, ఏం కాదనుకున్నారు. చెరువు దగ్గర రొయ్య కొమ్ము గుచ్చుకుని అరచేయి రక్తం కారింది. షాఫయీలో పోదు కదా అనుకుని నమాజుకి నిలబడ్డారు. ఇమాం అబూ హనీఫాని అడిగితే రక్తం వల్ల వుజూ లేదంటారు. ఇమాం షాఫయీని అడిగితే స్పర్శ వల్ల లేదంటారు. కారణాలు వేరుగానీ ఇద్దరి లెక్కలోనూ మీకు వుజూ లేదు. ఫిఖ్హ్ పుస్తకాల్లో దీన్నే తల్ఫీఖ్ అంటారు. నేను పైన "కుదరనిది ఒక్కటే" అన్నది ఇదే. చెరువు దగ్గర నీళ్లకి కరువా? రక్తం కారితే కడుక్కుని మళ్లీ వుజూ చేసుకోండి, అయిపోతుంది.

మీ ఇంటావిడ సంగతి. ఆమె పుట్టి పెరిగిన మజ్‌హబ్ ఆమెది. పెళ్లయినందుకు మార్చుకోవాల్సిన పని లేదు, మీరు మార్చనూ వద్దు. చెయ్యి తగిలితే ఆమె మళ్లీ వుజూ చేసుకుంటుంది, మీకు అవసరం లేదు. ఆమె ఇంట్లో మూడున్నరకి అసర్ చేసుకుంటే అత్తగారు "అజాన్ కాకుండానే నమాజేమిటి" అని అనకుండా మీరే ముందుగా మీ అమ్మగారికి చెప్పండి. ఈ ఒక్క విషయం మీద మనస్పర్థలు పెంచుకున్న ఇళ్లు నాకు తెలుసు.

మీరిద్దరూ ఇంట్లో కలిసి నమాజు చేస్తుంటే ఇంకో మెలిక ఉంది. మీరు ఇమాం, ఆమె ముఖ్తదీ (ఇమాం వెనక నమాజు చేసే మనిషి). ఆమె మజ్‌హబ్‌లో బలమైన మాట ప్రకారం, వెనక ఉన్నవాళ్ల లెక్కలో ఇమాంకి వుజూ పోయిందని తెలిసి నిలబడితే వాళ్ల నమాజు కాదు. కాబట్టి చెయ్యి తగిలిందని తెలిస్తే, మీకు అవసరం లేకపోయినా, ఆమె కోసం వుజూ చేసుకుని నిలబడండి. మీ మజ్‌హబ్‌కి దాంతో పోయేదేమీ లేదు. అభిప్రాయభేదం ఉన్నచోట అందరి లెక్కలోనూ చెల్లేలా చేయడం ముస్తహబ్ అని అన్ని మజ్‌హబ్‌ల పెద్దలూ చెప్పినదే. నేను ఇమామత్‌లో అదే పాటిస్తాను. కేరళ కుర్రాళ్లు నా వెనక నిలబడతారని తెలుసు కాబట్టి వుజూలో క్రమం తప్పను, నియ్యత్ (సంకల్పం) మరిచిపోను. ఆ రెండూ హనఫీలో సున్నత్, షాఫయీలో ఫర్జ్. ఫాతిహా తర్వాత ఒక్క క్షణం ఎక్కువ ఆగుతాను, వాళ్లు ఫాతిహా మొదలుపెట్టుకోవడానికి. ఎందుకంటే షాఫయీలో ముఖ్తదీ కూడా ప్రతి రకాతులో (నమాజులో ఒక ఆవృత్తి) ఫాతిహా చదవాల్సిందే. హనఫీ ముఖ్తదీ చదవడు. "ఖురాన్ చదువుతున్నప్పుడు వినండి, మౌనంగా ఉండండి" అన్న ఆయతు (7:204) మన ఆధారం. ఫాతిహా చదవనివాడికి నమాజు లేదన్న హదీసు వాళ్ల ఆధారం.

చిన్నవి కొన్ని, త్వరగా

విత్ర్ (రాత్రి చివర చేసే నమాజు): మీరు ఇషా (రాత్రి నమాజు) తర్వాత ఒక్క రకాతు చేసి పడుకుంటున్నానన్నారు. షాఫయీలో విత్ర్ సున్నత్, కనీసం ఒకటి చాలు. హనఫీలో వాజిబ్ (దాదాపు తప్పనిసరి), ఒకే సలాంతో మూడు రకాతులు. మిమ్మల్ని మీరు హనఫీ అనుకుంటే మూడు చేయాలి. నిద్ర వస్తోందన్నది మజ్‌హబ్ మార్చడానికి కారణం కాదు.

బార్కస్ వెళ్లినప్పుడు ఫజర్‌లో (తెల్లవారుజాము నమాజు) ఇమాం రెండో రకాతు రుకూ నుంచి లేచి ఖునూత్ (నిలబడి చేసే దుఆ) చదువుతారు. మీరు చేతులు వదిలేసి మౌనంగా నిలబడండి. ఈద్‌కి వెళితే వాళ్లు అదనపు తక్బీర్లు 12 చెబుతారు, మనవి 6. ఇమాం ఎన్ని చెబితే అన్ని చెప్పండి.

ప్రయాణం: హనఫీలో సుమారు 77 కిలోమీటర్లు దాటే ప్రయాణానికే ఖసర్ (నాలుగు రకాతుల నమాజు రెండుకి తగ్గించడం). అమలాపురం నుంచి కాకినాడ వెళ్లి రావడానికి వర్తించదు. హైదరాబాద్‌కి వర్తిస్తుంది. రెండు నమాజులు ఒకే టైములో కలపడం హనఫీలో హజ్‌లో అరఫాత్, ముజ్దలిఫాలలో తప్ప లేదు. మిగతా మూడింటిలో ప్రయాణంలో ఉంది. బస్సు ఆగే చోటు చూసుకుని జుహర్ దాని చివరి టైములో, అసర్ దాని మొదటి టైములో చేసుకుంటే హనఫీ లెక్కలోనే గడిచిపోతుంది. అదీ కుదరక షాఫయీ పద్ధతిలో కలిపితే వాళ్ల నియ్యత్, వరస, మధ్యలో ఆగకపోవడం అన్నీ పాటించాలి, ఆ నమాజుల్లో ఫాతిహా, వుజూ కూడా వాళ్ల లెక్కలో సరిపోవాలి.

రొయ్యల సంగతి మీరు అడగలేదు, కానీ మన ప్రాంతంలో మజ్‌హబ్ అనగానే జనం మొదట అడిగేది అదే. నీటిలో బతికేవాటిలో చేప తప్ప మిగతావి హనఫీలో తినకూడదు. రొయ్య చేపేనా కాదా అన్న దగ్గర మన ఉలమాలోనే రెండు మాటలున్నాయి, తినవచ్చన్నవాళ్లు చాలామంది ఉన్నారు. షాఫయీలో ఆ పేచీయే లేదు. పీతలు మాత్రం వదిలేయండి.

షెడ్డులో జుమా

ఇది ఆపండి. ఆలోచన మంచిదే, కుర్రాళ్ల ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ హనఫీలో జుమాకి పట్నమో, పట్నంలాంటి పెద్ద ఊరో కావాలి. చెరువుల మధ్య షెడ్డు ఏ లెక్కలోనూ ఊరు కాదు. "షాఫయీలో పల్లెలోనూ అవుతుందట" అని ఎవరో అన్నారని రాశారు. నిజమే, అవుతుంది. అయితే ఆ ఊళ్లో స్థిరంగా ఉండే మగవాళ్లు 40 మంది ఉండాలి. హంబలీలోనూ 40. మాలికీలో 12 మంది చాలు, కానీ జనం స్థిరంగా ఉండే ఊరై, అందులో కట్టిన మసీదు ఉండాలి. మీ షెడ్డులో పదిమందో పన్నెండుమందో ఉంటారు, సగంమంది పంట పట్టగానే వెళ్లిపోయేవాళ్లు. చూశారా, పల్లె అన్న సౌకర్యం ఒక మజ్‌హబ్ నుంచి, తక్కువ జనం అన్న సౌకర్యం ఇంకో మజ్‌హబ్ నుంచి తెచ్చుకుంటే ఎక్కడా నిలవదు. ఆ రోజు జుహర్ కూడా పోతుంది.

మా దగ్గర ఒక లంక గ్రామం కుర్రాళ్లు ఇలాగే అడిగితే ఇదే చెప్పాను. ఇప్పుడు శుక్రవారం ఒక ఆటో మాట్లాడుకుని పట్నం వస్తున్నారు. రాలేని వారం అక్కడే జుహర్ చేసుకుంటున్నారు. మీ కుర్రాళ్లనీ అలాగే చేయమనండి. అయితే ఒక జాగ్రత్త. ఎక్కడైనా చిన్న ఊళ్లో తాతల కాలం నుంచి జుమా నడుస్తుంటే, నా జవాబు పట్టుకెళ్లి అక్కడ ఆపించకండి. దాని లెక్క వేరు, ముఫ్తీ వచ్చి ఊరు చూసి చెప్పాలి.

అసలు వేరే మజ్‌హబ్ మాట ఎప్పుడు తీసుకోవాలి?

నిజమైన ఇబ్బంది ఉన్నప్పుడు, తెలిసినవాళ్లని అడిగి. మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. భర్త ఏమైపోయాడో తెలియని స్త్రీ, హనఫీ పాత మాట ప్రకారం, అతని ఈడువాళ్లంతా పోయేదాకా ఎదురుచూడాలి. ఆడవాళ్లు పడే బాధ చూసి, మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ లాంటి హనఫీ ఉలమాయే మాలికీ మాట తీసుకుని ఫత్వా ఇచ్చారు. దాని మీదే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. నాలుగేళ్లు భర్త ఆచూకీ లేకపోతే భార్య విడుదల కోరవచ్చని అందులో ఉంది. ఇది ఒక మనిషి తన సౌకర్యం కోసం ఏరుకున్నది కాదు, పండితులు కూర్చుని, మాలికీ ఉలమాని అడిగి, షరతులతో సహా తెచ్చుకున్నది. చలికాలం ఫజర్‌కి లేవబుద్ధి కాక పుస్తకాలు వెతకడం వేరు.

పూర్తిగా షాఫయీ అయిపోతానంటారా, అవ్వండి, అందులో పాపం లేదు. కానీ నేర్పేవాళ్లు దగ్గర్లో ఉండాలి. మన జిల్లాల్లో హనఫీ ఫిఖ్హ్ చెప్పేవాళ్లు ప్రతి పట్నంలో ఉన్నారు, షాఫయీ చెప్పేవాళ్లు దొరకడం కష్టం. రేపు సజ్దా-ఎ-సహ్వ్ (నమాజులో మరపు జరిగితే చేసే సజ్దా) దగ్గర సందేహం వస్తే బార్కస్ మామగారికి ఫోన్ చేయాలి. నేను ఒక మజ్‌హబ్ పట్టుకోమనేది ఈ కారణానికే ఎక్కువ. ఆ ఒక్కటే నిజమని కాదు, అడిగితే జవాబు దొరికే చోట ఉండమని.

చివర్లో అడిగారు, కువైట్‌లో అన్నేళ్లు చేసిన నమాజులు తిరిగి చేయాలా అని. అక్కర్లేదు. అక్కడి ఇమాం వెనక, అక్కడి ఉలమా చెప్పినట్టు చేశారు, అవి అయిపోయాయి. పల్చటి నైలాన్ మేజోళ్ల మీద తడిచేత్తో మసహ్ (కాళ్లు కడగకుండా పైన తుడవడం) చేసేవాణ్ణని రాశారు చూడండి, అది మాత్రం ఇక మానండి. ఇప్పటి అరబ్ పండితులు కొందరు ఒప్పుకున్నారుగానీ నాలుగు మజ్‌హబ్‌ల ప్రామాణిక మాటలో అలాంటి మేజోళ్ల మీద మసహ్ చెల్లదు. తోలు మేజోళ్లుంటే సరే, లేకపోతే విప్పి కాళ్లు కడుక్కోండి. రాజోలు వైపు వస్తే కబురు పెట్టండి, మీ ఇమాం సాబ్‌తో నేనూ ఒకసారి కూర్చుంటాను.